ముందు అమ్మను పడుకోబెట్టాం: రాత్రిళ్లు నిద్రపోని 22 నెలల బాబు కేసు

ఈ కుటుంబం నా దగ్గరికి వచ్చింది బాబు నిద్ర గురించి కాదు, అమ్మ డ్రైవింగ్ గురించి. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర కారు ఆపి, బ్రేకు మీద కాలు ఉండగానే ఆవిడకు కన్నంటుకుంది. వెనకాల వరసగా హారన్లు మోగితే ఉలిక్కిపడి లేచారు. పచ్చ లైటు ఎప్పుడు పడిందో తెలియదు. వెనక సీట్లో బాబు తన బూటు లాక్కుంటూ ఆడుకుంటున్నాడు. "వీడు రాత్రంతా లేస్తాడని ఏడాదిగా అందరికీ చెబుతూనే ఉన్నాను మేడమ్. పిల్లలంటే అంతే అన్నారు. నేనూ అంతే అనుకున్నాను. ఆ రోజు మాత్రం భయమేసింది" అన్నారు. నిద్ర సుఖమెరగదంటారు. కారు నడుపుతున్నామన్న సంగతి కూడా దానికి పట్టదు.

చిన్నపిల్లల నిద్ర, ప్రవర్తన సమస్యలతో వచ్చే తల్లిదండ్రులతో పనిచేసే సైకాలజిస్టుని నేను. ఆ దంపతుల అనుమతితో ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. చక్కగా కుదిరిన కేసని రాయడం లేదు. మొదటి మూడు వారాలు నేనే తప్పు చివర నుంచి మొదలుపెట్టాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికే ఇదంతా.

మొదటి రోజు తెలిసింది

అమ్మకు 31 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నారు. నాన్నకు 34, పొద్దున్న ఏడింటికల్లా ఆఫీసుకు బయలుదేరాలి. బాబు ఒక్కడే. నెలలు నిండాకే పుట్టాడు, ఎదుగుదల బాగుంది, మాటలు వస్తున్నాయి, పగలంతా హుషారుగా ఉంటాడు. వాడికి ఎనిమిదో నెల వచ్చినప్పటి నుంచి నాన్న పక్క గదిలో పడుకుంటున్నారు. ఇద్దరూ కూర్చుని అనుకున్నది కాదు. "పొద్దున్నే లేవాలి కదా" అని ఒక రాత్రి వెళ్లారు, అదే అలవాటైపోయింది.

నిద్రపుచ్చడం ఎనిమిదింటికి మొదలవుతుంది. దీపాలార్పి అమ్మ పాలిస్తారు. కళ్లు మూతపడ్డాక భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతారు. మెల్లగా మంచం మీదికి వంచేసరికి చటుక్కున కళ్లు తెరుస్తాడు. మళ్లీ పాలు, మళ్లీ భుజం. వాడు పడుకునేసరికి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. రాత్రి లేచిన ప్రతిసారీ ఇదంతా మొదటి నుంచి.

వారం రోజులు స్లీప్ డైరీ రాయమన్నాను. అర్ధరాత్రి టైములు రాసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, మంచం పక్కన కాగితం పెట్టుకుని వాడు లేస్తే టైము పక్కన గీత, పడుకుంటే సున్నా పెట్టమంటాను. ఏడు రాత్రులకు సగటు తీస్తే: బాబు 9:20కి పడుకుంటున్నాడు, 5:45కి పూర్తిగా లేస్తున్నాడు. మధ్యలో నాలుగైదు మెలకువలు, అన్నీ కలిపి గంటంపావు. మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదు వరకు నిద్ర. మొత్తం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. అంటే బాబుకు తక్కువే అవుతోంది. కానీ ఆ కాగితంలో నా కన్ను పడాల్సిన చోటు అది కాదు. అమ్మ గడి చూడండి: పడుకునేది 11:15కి, మొత్తం నిద్ర సుమారు ఐదు గంటలు, అందులో ఒక్క బిగిన పట్టిన అతి పొడవైన నిద్ర 1 గంట 50 నిమిషాలు. ఏడు రాత్రుల్లో ఒక్కసారి కూడా రెండు గంటలు నిండలేదు. ఆ సంఖ్య కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. గీసి, బాబు ప్లాన్ రాయడం మొదలుపెట్టాను. ఆ సంగతి తర్వాత.

ఆ రోజే చెప్పిన ఒక్క మాట మాత్రం సరైనదే. రెండు వారాలు కారు ముట్టుకోవద్దన్నాను. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ మధ్య సమన్వయం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పుడు ఎంత తగ్గుతుందో అంత తగ్గిందని చూపించారు. చాలా దేశాల్లో తాగి నడిపినట్టు లెక్కగట్టే హద్దు అది. ఆవిడ కేసు ఒక్క రాత్రి జాగారం కాదు, ఏడాది పైగా పేరుకున్న బాకీ. కాఫీ తాగితే తగ్గిపోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. కాఫీ మత్తును కాసేపు కప్పిపెడుతుందే తప్ప బాకీ తీర్చదు.

సెషన్ అయిపోయి, బ్యాగు భుజాన వేసుకున్నాక, తలుపు దగ్గర ఆగి ఆవిడ ఇంకో మాట చెప్పారు. అసలు విషయాలు చాలాసార్లు తలుపు దగ్గరే బయటికొస్తాయి. పది రోజుల కింద రాత్రి మూడింటికి బాబును మంచం మీద "పడుకోబెట్టలేదు, పడేశాను" అన్నారు. పరుపు మీదే, దెబ్బేం తగల్లేదు. వాడు ఒక్క క్షణం ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూశాడట. ఆ చూపు గురించి చెబుతూ ఏడ్చేశారు. నేను కూర్చోమన్నాను. మీరు చెడ్డ తల్లి కాదు అని వెంటనే ఓదార్చబోలేదు, ఆ మాట అప్పుడు చెవికెక్కదు. ఒక పద్ధతి చెప్పాను. చేతుల్లో బిగువు వస్తోందని తెలిసిన క్షణంలో బాబును కింద పడే వీలులేని చోట పెట్టి, గది బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, ఐదు నిమిషాలు అక్కడే నిలబడండి. వాడు ఏడుస్తాడు. ఏడవనివ్వండి. ఐదు నిమిషాల ఏడుపు వల్ల పిల్లలకు ప్రమాదం రాదు, మనిషి చేయి అదుపు తప్పితే వస్తుంది. అలాంటప్పుడు ఆయన్ను లేపాలి, అది అడగడం కాదు, రూలు అని కూడా చెప్పాను.

ముందు తేల్చుకోవాల్సినవి

నిద్ర చెడిన ప్రతి బిడ్డదీ అలవాటు సమస్యే అనుకుంటే కొన్ని జబ్బులు చేజారిపోతాయి. గురక పెడతాడా, నోరు తెరిచి ఊపిరి తీస్తాడా, నిద్రలో ఊపిరి ఆగి ఒక్కసారిగా తీసుకున్నట్టు అనిపిస్తుందా అని అడిగాను. ముక్కు వెనకాల ఉండే ఎడినాయిడ్స్ అనే గ్రంథులు వాచిన పిల్లల్లో ఇవి కనబడతాయి. బాబుకు లేవు. కాళ్లు మాత్రం విపరీతంగా కొట్టుకుంటాడని, దుప్పటి కాళ్ల దగ్గర చుట్టుకుపోతుందని అమ్మ చెప్పారు. పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 18 వచ్చింది. మామూలు రక్తపరీక్ష లెక్కలో అది పెద్ద లోటు కాకపోవచ్చు. కానీ కాళ్లు కుదురులేని పిల్లల్లో 50 కన్నా తక్కువుంటే ఐరన్ ఇచ్చి చూడటం నిద్ర వైద్యుల్లో ఉన్న పద్ధతే. డాక్టరు ఐరన్ చుక్కలు రాశారు. ఈ ముక్క ఇక్కడే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత బాబు నిద్ర బాగుపడ్డంలో ఐరన్ వాటా ఎంత, మా ప్లాన్ వాటా ఎంత అన్నది విడదీయడానికి నా దగ్గర దారి లేదు. రెండూ ఒకే నెలలో జరిగాయి.

ఇంకో విషయం కూడా అప్పుడే బయటపడింది. ఎవరో చెబితే, మత్తు వచ్చే జలుబు సిరప్ రెండు రాత్రులు వేశారు. మొదటి రాత్రి తేడా లేదు, రెండో రాత్రి బాబు పదకొండింటి దాకా గదంతా పరిగెత్తాడు. ఆ మందులు కొందరు పిల్లల్లో మత్తుకు బదులు చికాకు, ఉద్రేకం పెంచుతాయి. ఆ రకం మందుల్లో బాగా తెలిసిన డైఫెన్‌హైడ్రమిన్‌ను నిద్ర సరిగా పోని పసిపిల్లల మీద పరీక్షించిన అధ్యయనం ఒకటి 2006లో వచ్చింది. ఉత్తుత్తి మందు కన్నా ఏమీ మెరుగ్గా లేదని తేలి దాన్ని మధ్యలోనే ఆపేశారు. తిట్టలేదు, సీసా పారేయమన్నాను.

అమ్మకు ఎడిన్‌బరో ప్రశ్నావళి ఇచ్చాను. 1987లో బాలింతల డిప్రెషన్ కోసం తయారైన పది ప్రశ్నలవి. బిడ్డ కాస్త పెద్దయ్యాక కూడా నేను వాడుతుంటాను. 30కి 14 వచ్చాయి, గట్టిగా పట్టించుకోవాల్సిన స్కోరు. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచనల గురించి. దానికి "ఎప్పుడూ లేదు" అని రాశారు, నోటితో మళ్లీ అడిగినా అదే చెప్పారు. తర్వాత, అలసటనూ డిప్రెషన్‌నూ వేరు చేయడానికి నేను ఎక్కువగా నమ్ముకునే ప్రశ్న అడిగాను: వాడు పడుకున్నప్పుడు, ఇంట్లో ఇంకో మనిషి చూసుకుంటున్నప్పుడు, మీకు నిద్ర పడుతుందా? "పడుతుంది కానీ మాగన్నుగా. చెవి వాడి దగ్గరే ఉంటుంది" అన్నారు. అవకాశం దొరికినా అసలు నిద్రే రాని తల్లులను నేను నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. ఇక్కడ నెల రోజులు చూసి, స్కోరు తగ్గకపోతే పంపాలని నోట్సులో రాసుకున్నాను. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకున్నారు, అవి బాగానే ఉన్నాయి.

నా మొదటి ప్లాన్, అది చెడిన తీరు

బాబు సమస్యకు పుస్తకాల్లో స్పష్టమైన పేరుంది, నిద్ర పట్టేటప్పటి అలవాటు. నిద్ర ఒక్క తెరలా పడదు. ఈ వయసు పిల్లల్లో గంట, గంటంపావుకోసారి నిద్ర పైకి తేలుతుంది. అందరు పిల్లలూ ఆ క్షణంలో కాస్త కదులుతారు, కొందరు కళ్లు కూడా తెరుస్తారు. అంతా పడుకున్నప్పటిలాగే ఉంటే మళ్లీ మునిగిపోతారు. మన బాబు పడుకున్నది భుజం మీద. లేచేసరికి భుజం లేదు. వాడి దృష్టిలో అది అన్యాయం, అందుకే ఎలుగెత్తి ఏడుస్తాడు.

కాబట్టి మెలకువగా ఉండగానే మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని జోకొడుతూ, రోజురోజుకీ ఆ సాయం తగ్గిస్తూ పోవాలి. రాత్రి లేచినా అదే. రెండో సెషన్‌లో ఇదంతా ఒక పేజీలో రాసిచ్చాను. నీటుగా ఉంది. ఆవిడ మడిచి బ్యాగులో పెట్టుకున్నారు. నాన్న ఆ సెషన్‌కు రాలేదు, నేనూ పట్టుబట్టలేదు.

రెండు రాత్రులు నడిచింది. మూడో రాత్రి 1:30కి లేచిన బాబు 2:10 వరకు ఏడ్చాడు. ఆవిడ నలభై నిమిషాలు జోకొట్టి, చేతులు లాగి, ఇక చాలనుకుని పాలిచ్చారు. తర్వాతి రాత్రి ఇరవై నిమిషాలకే ఇచ్చారు. ఆ తర్వాత ఒక రాత్రి గట్టిగా నిలబడ్డారు, ఇంకో రాత్రి వెంటనే ఇచ్చేశారు. బాబుకు అర్థమైంది ఒక్కటే: ఏడుస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పాలొస్తాయి. ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రానిదాని కోసం పిల్లలే కాదు, ఎవరైనా ఇంకా గట్టిగా పట్టుబడతారు. రెండు వారాల తర్వాత డైరీలో మెలకువలు నాలుగైదు నుంచి ఆరుకు పెరిగాయి. "మీరు చెప్పింది చెయ్యలేకపోయాను మేడమ్" అంటూ, హోంవర్కు చేయని పిల్లలా కూర్చున్నారు.

ఆవిడ చేయలేకపోవడం కాదు. నేను ఇవ్వకూడని మనిషికి ఇవ్వకూడని పని ఇచ్చాను. నిద్ర మార్పించే ఏ పద్ధతికైనా ముడిసరుకు నిలకడ. అర్ధరాత్రి రెండింటికి, ఏడుపు మధ్యలో, ఏడాదిగా రెండు గంటల నిద్ర ఒక్క బిగిన ఎరగని మనిషి దగ్గర లేనిది సరిగ్గా అదే. నేను ఎర్ర గీత గీసిన ఆ 1 గంట 50 నిమిషాలు అదే చెబుతోంది. చూసి కూడా దాటిపోయాను.

రాత్రిని రెండు ముక్కలు చేశాం

మూడో సెషన్‌కు ఇద్దరూ రావాలన్నాను. వచ్చారు. రెండు వారాల పాటు బాబు నిద్రను ముట్టుకోవద్దన్నాను. పాలు, భుజం, తిప్పడం, ఏది పనిచేస్తే అది చేయండి, మార్చాల్సింది ఎవరు చేస్తారన్నదే. రాత్రి తొమ్మిది నుంచి రెండు వరకు నాన్న డ్యూటీ. రెండు నుంచి పొద్దున్న వరకు అమ్మ. డ్యూటీ లేని మనిషి వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకోవాలి. ఫోను బయట.

నాన్న మొహంలో ఇబ్బంది కనబడింది. "నేను వెళ్తే ఇంకా ఎక్కువ ఏడుస్తాడండీ. వాడికి అమ్మే కావాలి" అన్నారు. నిజమే, ఏడుస్తాడు. కానీ అది వాడికి నాన్న ఇష్టం లేక కాదు, పద్నాలుగు నెలలుగా రాత్రిపూట నాన్న కనబడక. రోజూ పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే మనిషికి ఇది భారమే అని కూడా ఒప్పుకున్నాను. శని, ఆది వారాల్లో ఆయన తొమ్మిదింటి వరకు పడుకోవాలి, అది బాకీ తీర్చడం. అమ్మ వైపు తిరిగి, మీరు తలుపు అవతల నుంచి సలహాలివ్వకూడదు అన్నాను. ఇది విన్నాక మొదటిసారి ఇద్దరూ నవ్వారు.

ఐదు గంటలే ఎందుకని ఆయన అడిగారు. గాఢనిద్ర చాలావరకు రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది. మనం పడుకున్న మొదటి మూడు నాలుగు గంటలు చెక్కుచెదరకుండా దొరికితే ఒంటికి కావలసిన మొదటి కూలి ముట్టినట్టే. నిద్ర ముక్కలైతే ఏమవుతుందో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో అవీ సాదే బృందం 2014లో చూసింది. కొందరు విద్యార్థులను ఒక రాత్రి నాలుగు గంటలే పడుకోనిచ్చారు. ఇంకో వర్గం వాళ్లను ఎనిమిది గంటలు పడుకోనిచ్చి, మధ్యలో నాలుగుసార్లు ఫోను చేసి కాసేపు మెలకువగా ఉంచారు. మర్నాడు రెండు వర్గాల ఏకాగ్రత, మూడ్ దాదాపు ఒకేలా దెబ్బతిన్నాయి. అదీ ఒక్క రాత్రికే. "మొత్తం మీద ఐదు గంటలు పడుకుంటూనే ఉంది కదా" అని ఆయన అంతకుముందు వారం ఇంట్లో అన్న మాట ఒకటుంది. ఈ సంగతి విన్నాక ఆ మాట ఆయనే గుర్తు చేసుకుని తల దించుకున్నారు.

మొదటి రాత్రి ఘోరం. బాబు నాన్న చేతుల్లో 55 నిమిషాలు ఏడ్చాడు. అమ్మ పక్క గదిలో పడుకోలేదు, కూర్చున్నారు. రెండో రాత్రి అరగంట. మూడో రాత్రి బాబు నాన్న భుజం మీద పడుకున్నాడు. నాన్న అలాగే కుర్చీలో పడుకున్నారు, మర్నాడు మెడ పట్టేసింది. నాలుగో రాత్రి అమ్మ గడిలో 4 గంటల 40 నిమిషాలు అని ఉంది. పక్కన ఎవరూ అడక్కుండానే ఆవిడే రాసుకున్న మాట: "లేచేసరికి ఎక్కడున్నానో తెలీలేదు."

రెండో వారం చివరికి ఆవిడ మొహమే మారింది. అప్పుడు కొత్త ఇబ్బంది మొదలైంది, నాన్న చికాకు. పొద్దున్న మీటింగులో మాట తడబడుతున్నానని, శనివారం పడుకోబోతే ఏదో పని పడుతోందని, ఇంట్లో అందరూ ఆవిడ అలసట గురించే మాట్లాడతారని. నిజానికి ఈ కంప్లైంటు నాకు నచ్చింది. అలసట ఒక్కరి దగ్గరే ఉన్నంతకాలం అది ఆ మనిషి గుణంలా కనబడుతుంది: ఆవిడకు కోపమెక్కువ, ఓపిక తక్కువ. ఇద్దరికీ వచ్చాక నిద్ర లెక్కలా కనబడింది. బుధవారం రాత్రి మొత్తం అమ్మే తీసుకునేలా మార్చాం. వారం మధ్యలో ఆయనకు ఒక నిండు రాత్రి దొరికింది.

ఆ ఒక్క గంట

డైరీలో నాకు మొదట అర్థం కానిది ఒకటుంది. బాబు 9:20కి పడుకుంటే ఆవిడ 11:15 దాకా ఎందుకు పడుకోవడం లేదు? ఇంటిపని అన్నారు. గుచ్చి అడిగితే, పని పదిన్నరకు అయిపోతుంది, ఆ తర్వాత ముప్పావుగంట ఫోను. "అది నిద్రకన్నా ముఖ్యం అనిపిస్తుంది మేడమ్. రోజు మొత్తంలో నన్నెవరూ ముట్టుకోని టైము అదొక్కటే."

ఇక్కడ చాలామంది సలహాదారులు ఫోను పక్కన పెట్టి పడుకోండి అని చెప్పి ఊరుకుంటారు. ఆ సలహా పనిచేయగా నేను చూడలేదు. రోజంతా ఇంకొకరి అవసరాల చుట్టూ తిరిగిన మనిషి, తనకంటూ దొరికే ఆ కాస్త టైమును నిద్ర పోగొట్టుకునైనా కొనుక్కుంటుంది. ఆ గంట తీసేయాలంటే వేరే చోట దాన్ని తిరిగి ఇవ్వాలి. శనివారం సాయంత్రం రెండు గంటలు, మంగళవారం ఒక గంట ఆవిడవి అని రాసుకున్నాం. బయటికి వెళ్లినా సరే, గోడకేసి చూస్తూ కూర్చున్నా సరే. మొదటి శనివారం ఆవిడ కారులో (డ్రైవింగ్ సీట్లో కాదు, వెనక సీట్లో) తలుపులు వేసుకుని పడుకున్నారట. మూడో శనివారానికి ఒక స్నేహితురాలిని కలిశారు.

పగటి పూటకు ఇంకో రెండు చిన్న మార్పులు. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే ఐదు గంటల దాకా పడుతుంది, అందుకని మధ్యాహ్నం తర్వాత కాఫీ ఆపాం. కునుకు తీస్తే 20 నిమిషాలకు అలారం. అంతకన్నా ఎక్కువ పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సి వచ్చి తల దిమ్మెక్కుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత ఇద్దరూ డబ్బు గురించి, ఉద్యోగం గురించి, వాళ్ల అమ్మానాన్నల గురించి మాట్లాడకూడదన్న నియమం మాత్రం వాళ్లే పెట్టుకున్నారు. నేను చెప్పిన వాటికన్నా అదే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

బాబు వంతు

ఐదో వారంలో బాబు దగ్గరికొచ్చాం. మొదట మధ్యాహ్నం నిద్ర. మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో నిద్ర ఒత్తిడి పెరుగుతూ పోతుంది, పడుకుంటే అది కరుగుతుంది. ఒంటి గడియారం దాని లెక్కలో అది నడుస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బొర్బెలీ 1982లో ప్రతిపాదించిన ఈ రెండు ప్రక్రియల లెక్క మీదే ఇప్పటికీ మా పని నడుస్తోంది. ఐదింటికి లేచిన పిల్లవాడిని ఎనిమిదింటికి పడుకోమంటే ఒత్తిడి ఎక్కడిది? నిద్రను ఒంటిగంటకు జరిపి, రెండున్నరకు లేపేయమన్నాం. లేపినప్పుడు మారాం చేశాడు, నాలుగు రోజుల్లో సర్దుకున్నాడు.

తర్వాత, ఎనిమిదింటికి మొదలుపెట్టే ఆ కుస్తీ పూర్తిగా ఆపేయించాను. వాడు ఎలాగూ పడుకునేది 9:20కే కదా, అప్పుడే గదిలోకి తీసుకెళ్లండి అన్నాను. పడకకూ ఏడుపుకూ మధ్య ముడి తెగాలి. పదిహేను నిమిషాల్లోపు నిద్రపోయిన రాత్రులు మూడు వరసగా వస్తే, టైము పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి. పడుకోబెట్టడం నాన్న. పాలు ఆపమని చెప్పలేదు. రెండేళ్లు, ఆపైన కూడా పాలివ్వవచ్చనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆవిడకూ ఆపే ఉద్దేశం లేదు. పాలు పడగ్గదిలోంచి హాల్లోకి వచ్చాయి, అంతే. లైటు వేసి ఉండగా పాలు, తర్వాత పళ్లు తోమడం, తర్వాత నాన్నతో గదిలోకి.

నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు, అవసరమైతే జోకొడతారు, ఎత్తుకోరు. మూడు నాలుగు రోజులకోసారి కుర్చీ తలుపు వైపు జరుగుతుంది. ఇలా చేస్తే వాడి మనసు మీద ముద్ర పడిపోతుందేమో అని అమ్మ భయపడ్డారు. ఇంచుమించు ఇదే పద్ధతి వాడిన ఆస్ట్రేలియా కుటుంబాల పిల్లలను వాళ్లకు ఆరేళ్లు వచ్చాక పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. భావోద్వేగాల్లో గానీ, తల్లితో అనుబంధంలో గానీ మిగతా పిల్లలతో తేడా కనబడలేదు, చెడూ లేదు, పెద్ద మేలూ లేదు. ఆ రెండో ముక్క కూడా చెప్పాను. ఇది వాడి భవిష్యత్తు కోసం చేసే పని కాదు, మీ ఇంటి ఈ ఏడాది కోసం అన్నాను. ఆవిడకు ఆ మాటే నచ్చింది.

ఐదారు రాత్రులు సాఫీగా సాగి, ఏడో రాత్రి ఏడుపు ముందుకన్నా పెరిగింది. ఆగిపోయే ముందు దీపం ఒకసారి భగ్గుమన్నట్టు, పాత అలవాటు చివరిసారి గట్టిగా పట్టుబడుతుంది. ఇది వస్తుందని ముందే చెప్పి ఉంచాను. మొదటి ప్లాన్‌లో చెప్పలేదు. ఈసారి ఏడుపు వినింది నిద్రపోయి లేచిన మనుషులు. నిలబడ్డారు.

ఎనిమిదో వారంలో జలుబు, దగ్గు. కుర్చీ మళ్లీ మంచం పక్కకు వచ్చింది, రెండు రాత్రులు భుజం కూడా. జబ్బు చేసిన పిల్లవాడి దగ్గర పట్టుదల ఎందుకు? జ్వరం తగ్గిన మూడో రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి నాలుగు రోజుల్లో దారికొచ్చాడు.

ఎక్కడిదాకా వచ్చింది

పదకొండో వారం డైరీ: బాబు 8:30కి పడుకుని 6:15కి లేస్తున్నాడు. మెలకువ ఒకటి, కొన్ని రాత్రులు రెండు, అన్నీ కలిపి పావుగంట. మధ్యాహ్నం గంటన్నర. మొత్తం పదకొండు గంటలు. కాళ్లు కొట్టుకోవడం తగ్గింది, అది ఐరన్ ఖాతాలో వేస్తాను. అమ్మ నిద్ర ఆరున్నర గంటలు, ఎడిన్‌బరో స్కోరు 6. సైకియాట్రిస్టు అవసరం పడలేదు. నాన్న మళ్లీ పడగ్గదిలోకి వచ్చారు. గురక ఆయనదే అని ఆవిడ కంప్లైంటు.

అన్నీ తీరలేదు. వారంలో రెండు రాత్రులైనా బాబు నాలుగున్నరకే లేచి కూర్చుంటాడు, దానికి మేము చేసిన ఏ మార్పూ పనిచేయలేదు. గర్భానికి ముందున్న నిద్ర మళ్లీ ఎప్పుడొస్తుందని నాన్న చివరి సెషన్‌లో అడిగారు. మొదటి బిడ్డ పుట్టిన ఆరేళ్లకు కూడా తల్లిదండ్రుల నిద్ర పూర్తిగా మునుపటిలా కాలేదని 2019లో జర్మనీ లెక్కలతో వచ్చిన అధ్యయనం గురించి చెప్పాను. "ఆరేళ్లా!" అని లేచి నిలబడ్డారు. తేడా మొదటి నెలల్లో ఉన్నంత ఉండదు, పోనుపోను బాగా తగ్గుతుంది అని చెప్పి కూర్చోబెట్టాను.

కేసు మూసేసిన నాలుగో నెలలో ఆవిడ ఫోను చేశారు. బాబుకు చెవిలో ఇన్ఫెక్షన్, వారం రోజులుగా రాత్రిళ్లు మళ్లీ అయిదుసార్లు లేస్తున్నాడు. ప్లాన్ అడగబోతున్నారనుకున్నాను. కాదు, మొదటి రాత్రే షిఫ్టులు మొదలుపెట్టేశారట, తొమ్మిది నుంచి రెండు, రెండు నుంచి పొద్దున్న. అడగాలనుకున్నది ఒక్కటే: నిన్న నాలుగు గంటలే పడుకున్నాను, రేపు కారు తీయవచ్చా? వద్దన్నాను. వరసగా మూడు రాత్రులు ఐదు గంటలు దాటాక తీయమన్నాను. "ఆయన కూడా అదే అన్నారు, తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి" అన్నారు.